అవతలి గట్టు చూపు: లెగో ముక్కలతో అరచేతిలో పట్టే నౌకలు, బళ్ళు కట్టడం ఎలా

నరసాపురం రేవులో పంటు (బళ్ళనీ మనుషుల్నీ గోదారి దాటించే పడవ) కోసం నిలబడ్డప్పుడల్లా నా చూపు అవతల సఖినేటిపల్లి గట్టు మీదకే పోతుంది. అక్కడ పంటు ఎక్కుతున్న కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు అన్నీ వడ్లగింజలంత కనిపిస్తాయి. అయినా ఏది ఆటోనో, ఏది కారో ఇట్టే చెప్పేస్తాం. ఆటోకి నంబరు కనపడదు, డ్రైవరు కనపడడు, చక్రాలు కూడా సరిగ్గా కనపడవు. పసుపు రంగు, ముందు సన్నగా వెనక వెడల్పుగా ఉండే ఆకారం, అంతే. కన్నుకి అది చాలు.

లెగో ముక్కలతో (ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలు) బుల్లి అంతరిక్ష నౌకలు కట్టడం మొదలుపెట్టాక ఈ రేవే నాకు బడి అయింది. ఏది కట్టినా ముందు ఒకటే అడుగుతాను: ఇది అవతలి గట్టు మీద ఉంటే నాకు ఇందులో ఏం కనిపిస్తుంది? కనిపించేది కట్టాలి, కనిపించనిది వదిలేయాలి. ఫోటో చూసి కడుతున్నట్టయితే ఫోన్లో ఆ ఫోటోని గోరంత అయ్యేదాకా చిన్నది చేసి చూడండి. అప్పటికీ మిగిలి ఉన్న గుర్తులేవో ఒక కాగితం మీద రాసుకోండి. మూడు దాటితే ఒకటి కొట్టేయండి. ఈ కాగితం లేకుండా ముక్కల డబ్బా తెరవొద్దు.

కొలతలు ముందు ఒంటబట్టాలి

పెద్ద బొమ్మలో ఒక ముక్క అటూ ఇటూ అయినా తెలియదు. 5 సెంటీమీటర్ల నౌకలో ఒక్క ముక్క తేడా వస్తే ఆకారమే మారిపోతుంది. అందుకే ఈ లెక్క వేళ్ళకి అలవాటు కావాలి.

లెగో ముక్క పైన ఉండే బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. అంటే ఒక్క బొడిపె ఉన్న 1×1 ముక్క వెడల్పు 8 మి.మీ. మామూలు ఇటుక ఎత్తు 9.6 మి.మీ. పల్చటి ముక్కని ప్లేటు అంటాం, దాని ఎత్తు 3.2 మి.మీ. మూడు ప్లేట్లు కలిస్తే ఒక ఇటుక ఎత్తు. బొడిపె లేకుండా నున్నగా ఉండే పల్చటి ముక్క టైలు. దాని ఎత్తు కూడా ప్లేటంతే.

ఇప్పుడు అసలు కీలకం. 5 ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే 16 మి.మీ. 2 బొడిపెల వెడల్పు కూడా 16 మి.మీ. అంటే నిలువు కొలత, అడ్డ కొలత అక్కడ సరిగ్గా కలుస్తాయి. ముక్కల్ని పక్కకి తిప్పి, బొడిపెలు పైకి కాకుండా పక్కకో వెనక్కో చూసేలా కట్టినప్పుడు సందులు లేకుండా కూర్చోవాలంటే ఈ 5కి 2 లెక్కే దిక్కు. ఓసారి చేత్తో చేసి చూడండి: 5 ప్లేట్ల దొంతరని పడుకోబెట్టి, 2 బొడిపెల వెడల్పున్న ముక్క పక్కన ఆనించి, రెండింటి మీదా గోరు జరపండి. గోరు ఎక్కడా తట్టుకోదు.

లెగో ఇటుకకి డెన్మార్క్‌లో 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకలో ఈనాటికీ బిగుస్తుంది. అంత కచ్చితంగా పోస్తారు కాబట్టే మనం మిల్లీమీటర్లలో లెక్కలు వేసుకోగలుగుతున్నాం. వేరే కంపెనీల ముక్కలు చవగ్గా దొరుకుతాయి, వాటితో కట్టకూడదని నేననను. కాకపోతే ఒక్క బొడిపె పట్టు మీద నిలబడే చోట్ల మాత్రం బిగువున్న ముక్క వాడండి. బుల్లి నౌకలో అలాంటి చోట్లే ఎక్కువ.

ఏ ముక్కలు దాచుకోవాలి

పెద్ద ఇటుకలు పక్కన పెట్టేయండి. మనకి కావలసింది చిల్లర. 1×1, 1×2 ప్లేట్లు, 1×1 గుండ్రటి ప్లేట్లు, టైళ్ళు, 1×1 ఏటవాలు ముక్కలు (జున్ను ముక్కలా ఉంటాయి, ఎత్తు 2 ప్లేట్లు), అవే పారదర్శకంగా నీలం, నారింజ రంగుల్లో కొన్ని. వీటి తర్వాత మూడు రకాలకి నేను ప్రాణమిస్తాను.

మొదటిది జంపర్ ప్లేటు. రెండు బొడిపెలు ఉండాల్సిన చోట నడిమధ్యన ఒక్క బొడిపే ఉంటుంది. దీనితో ఏ ముక్కనైనా అర బొడిపె, అంటే 4 మి.మీ., పక్కకి జరపొచ్చు. 2 బొడిపెల వెడల్పున్న నౌకకి సరిగ్గా నడుమ వెన్ను నిలపాలంటే ఇదే మార్గం. రెండోది పక్క బొడిపె ఇటుక: 1×1 ఇటుకకి పైనే కాక పక్కన కూడా బొడిపె ఉంటుంది. ఒక పక్క ఉన్నవి, రెండు పక్కలా ఉన్నవి, నాలుగు వైపులా ఉన్నవి దొరుకుతాయి. వాటిలో హెడ్‌లైట్ ఇటుక అని ఒకటుంది, దాని పక్క బొడిపె కాస్త లోపలికి దిగి ఉంటుంది. మూడోది కడ్డీ, క్లిప్పు జత. కడ్డీ మందం సుమారు 3.2 మి.మీ., దాదాపు ప్లేటు ఎత్తంతే.

కట్టేటప్పుడు నేల మీద చాప వేసుకుని కూర్చోకండి. 1×1 ముక్క చాప అల్లికలో దూరిందంటే మళ్ళీ దొరకదు. అంచున్న స్టీలు కంచంలో ముక్కలు పోసుకోండి, దొర్లిపోవు, చప్పుడుతోనే ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఇంట్లో మూడేళ్ళ లోపు పిల్లలుంటే వాళ్ళు పడుకున్నాకే డబ్బా తీయండి. ఈ ముక్కలు గొంతుకి అడ్డం పడే సైజులో ఉంటాయి. ఈ విషయంలో రాజీ వద్దు.

మొదటి నౌక: పులస

ఇది నేను అల్లుకున్న నమూనా. 20 ముక్కలు, పొడవు 5 సెంటీమీటర్ల పైచిలుకు. పేరు పులస ఎందుకంటే వరదనీటికి ఎదురీదుకుంటూ సముద్రంలోంచి గోదారిలోకి వచ్చే ఆ చేప ఆకారమే దీనికి పెట్టాను: లోతైన పొట్ట, వెండి ఒళ్ళు, వీపు మీద ఒక్క రెక్క. నా కాగితం మీద రాసుకున్న మూడు గుర్తులు అవే.

ఈ ముక్కలు కంచంలో తీసి పెట్టుకోండి. లేత బూడిద రంగులో: 2×6 ప్లేటు ఒకటి, ఒక పక్క కోసుగా తెగిన 2×4 రెక్క ప్లేట్లు రెండు (కుడిది ఒకటి, ఎడమది ఒకటి), 1×2 ఏటవాలు ముక్క ఒకటి, 1×2 ప్లేట్లు రెండు, 2×3 ఇటుక ఒకటి, హెడ్‌లైట్ ఇటుకలు రెండు, 2×2 టైలు ఒకటి, 2×2 జంపర్ ప్లేటు ఒకటి, 1×1 ఏటవాలు ముక్క ఒకటి. నల్లటి 1×1 గుండ్రటి ప్లేట్లు రెండు. పారదర్శకమైన నీలం 1×1 ఏటవాలు ముక్కలు రెండు, నారింజ గుండ్రటి ప్లేట్లు రెండు. ఎర్రటి 1×1 గుండ్రటి టైళ్ళు రెండు.

1. 2×6 ప్లేటుని నిలువుగా పట్టుకోండి. మీకు దూరంగా ఉన్న కొస ముక్కు, దగ్గరగా ఉన్నది తోక. ముక్కు వైపు నుంచి 1 నుంచి 6 దాకా వరసలు లెక్కపెట్టుకోండి.

2. ప్లేటుని తిరగేసి, తోక వైపు అడుగున రెండు రెక్క ప్లేట్లూ పక్కపక్కన బిగించండి. వాటి తిన్నని అంచులు నడుమ కలుసుకోవాలి, వెడల్పు కొస తోక వైపు ఉండాలి. ఇప్పుడు పైనుంచి చూస్తే తోక దగ్గర ఇరుపక్కలా ఒక్కో బొడిపె బయటికి వచ్చి, ముందుకి పోయేకొద్దీ రెక్క సన్నబడి ఒళ్ళో కలిసిపోతుంది. 3 నుంచి 6 వరసల దాకా అడుగు మొత్తం నిండింది కాబట్టి నౌకకి బరువు వెనక్కి వచ్చింది. ముక్కు గాల్లో తేలినట్టుంటుంది.

3. 1వ వరసలో 1×2 ఏటవాలు ముక్క, వాలు ముందుకి.

4. 2వ వరసలో రెండు 1×2 ప్లేట్లు ఒకదాని మీద ఒకటి. వాటి మీద నీలం ఏటవాలు ముక్కలు రెండూ పక్కపక్కన, వాలు ముందుకే. ఇది నడిపేవాళ్ళ గది అద్దం. కింద రెండు ప్లేట్లు ఎందుకంటే ముక్కు ముక్క ఎత్తు 2 ప్లేట్లు. అద్దం అక్కడి నుంచే మొదలవ్వాలి. ఒక్క ప్లేటే పెడితే అద్దంలో సగం ముక్కు వెనక దాక్కుంటుంది.

5. 3, 4, 5 వరసల మీద 2×3 ఇటుక. 6వ వరసలో హెడ్‌లైట్ ఇటుకలు రెండూ, వాటి పక్క బొడిపెలు వెనక్కి చూడాలి.

6. ఆ బొడిపెలకి నల్ల గుండ్రటి ప్లేట్లు తొడగండి. బొడిపె లోపలికి దిగి ఉండటం వల్ల నల్ల ముక్క సగం మందం లోపల, సగం బయట ఉంటుంది. ఇంజను గొట్టం నౌక ఒంట్లోంచే పుట్టినట్టు కనిపించేది ఆ సగం వల్లే. వాటి మీద నారింజ ముక్కలు పెడితే మంట.

7. 5, 6 వరసల పైన 2×2 టైలు. ఇది అందానికి కాదు, హెడ్‌లైట్ ఇటుకల్ని ముందున్న పెద్ద ఇటుకతో కట్టిపడేసేది ఇదే. దీన్ని మర్చిపోతే ఇంజన్లు నొక్కినప్పుడల్లా వెనక్కి ఊడొస్తాయి.

8. 3, 4 వరసల పైన జంపర్ ప్లేటు. దాని నడిమి బొడిపె మీద బూడిద ఏటవాలు ముక్క, వాలు ముందుకి, ఎత్తు వెనక్కి. వీపు రెక్క వచ్చేసింది.

9. చివరగా రెక్కల మీద తోక వైపు బయటికి ఉన్న బొడిపెల మీద ఎర్ర టైళ్ళు.

ఇప్పుడు చెయ్యి చాచి, ఒక కన్ను మూసి చూడండి. చేప కనిపిస్తోందా, నౌక కనిపిస్తోందా? రెండూ కనిపిస్తే సరిగ్గా కుదిరింది. దాని మీద ఇంకో ముక్క పెట్టాలని చెయ్యి లాగుతుంది. మొదట్లో నేనూ ఆగలేక తుపాకులు, యాంటెన్నాలు తగిలించేవాడిని. మా అన్నయ్య కొడుకు ఒకసారి చేతిలోకి తీసుకుని, "బాబాయ్, ఇది ముళ్ళపందా?" అని అడిగాడు. వాడికి అప్పుడు ఆరేళ్ళు. వాడికి కనిపించిందే నిజం. ఆ రాత్రే పదకొండు ముక్కలు తీసేశాను.

నిజమైన రాకెట్టుకి లెక్క

ఊహించి కట్టేదానికి స్వేచ్ఛ ఉంది. ఉన్నదాన్ని కట్టాలంటే స్కేలు, అంటే అసలుదానిలో మన బొమ్మ ఎన్నో వంతు అన్న లెక్క, కావాలి. చాలామంది తప్పుచేసేది ఇక్కడే: ముందు స్కేలు అనుకుని తర్వాత ముక్కలు వెతుకుతారు. అలా కాకుండా, ఆ వస్తువులో తప్పించుకోలేని ఒక కొలత తీసుకుని, దానికి సరిపోయే ముక్క ఏదో చూసి, దాన్నిబట్టి స్కేలు తేల్చాలి.

2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని మోసుకెళ్ళిన ఎల్‌వీఎం3నే తీసుకుందాం. నడిమి భాగం వ్యాసం 4 మీటర్లు, మొత్తం ఎత్తు 43.5 మీటర్లు, ఇరుపక్కలా రెండు లావుపాటి ఘన ఇంధన బూస్టర్లు. 4 మీటర్లని ఒక బొడిపె వెడల్పు, అంటే 8 మి.మీ. అనుకుంటే స్కేలు 500వ వంతు. 43.5 మీటర్లని 500తో భాగిస్తే 87 మి.మీ. తొమ్మిది ఇటుకల ఎత్తు 86.4 మి.మీ. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద తేలినప్పుడు లేచి నిలబడ్డాను. ఇస్రో వాళ్ళు కట్టినదీ, నా డబ్బాలో ఉన్నదీ అర మిల్లీమీటరు పైచిలుకు తేడాతో కలిశాయి.

కట్టడం తేలిక. 1×3 తెల్ల ప్లేటు అడుగున. నడుమ 1×1 గుండ్రటి ఇటుకలు ఎనిమిది, పైన 1×1 శంకువు ఒకటి (దాని ఎత్తు కూడా ఇటుకంతే). పక్క బూస్టర్లు సుమారు 26 మీటర్లు, మన స్కేల్లో 52 మి.మీ.: ఒక గుండ్రటి ప్లేటు, నాలుగు గుండ్రటి ఇటుకలు, ఒక శంకువు కలిపితే 51.2. అసలు బూస్టరు వ్యాసం 3.2 మీటర్లు కాబట్టి మనది కొంచెం లావవుతుంది. తలమీద ఉపగ్రహాన్ని కప్పే తొడుగు అసలుదానిలో 5 మీటర్లు, నడుము కంటే లావు. అది నేను వదిలేశాను. అవతలి గట్టు నుంచి చూస్తే కనిపించేది మూడు స్తంభాలు, నడిమిది పొడుగు. ఈ స్కేల్లో 1.6 మీటర్ల మనిషి ఎత్తు సరిగ్గా ఒక ప్లేటు. రాకెట్టు పక్కన ఒక 1×1 గుండ్రటి ప్లేటు పెట్టి చూడండి, అది ఎంత పెద్దదో ఒంటికి తెలుస్తుంది.

గుండ్రటి ఇటుకల దొంతర ఊగుతుంది. బొడిపెకి నడుమ రంధ్రం ఉన్న రకం దొరికితే లోపలి నుంచి కడ్డీ దూర్చండి, వెన్నెముకలా పట్టుకుంటుంది.

పీఎస్‌ఎల్‌వీ అయితే లెక్క వేరు. వ్యాసం 2.8 మీటర్లు, ఎత్తు 44.4 మీటర్లు. 2.8 మీటర్లు ఒక బొడిపె అయితే స్కేలు 350వ వంతు, ఎత్తు 127 మి.మీ. వస్తుంది: పదమూడు ఇటుకలు, ఒక ప్లేటు. ఎక్స్‌ఎల్ రకానికి చుట్టూ ఉండే ఆరు బూస్టర్లు 1 మీటరు లావు, అంటే ఇక్కడ 2.9 మి.మీ., మన కడ్డీకి అతి దగ్గర. అడుగున నాలుగు వైపులా బొడిపెలున్న ఇటుక పెట్టి, ఒక్కో వైపు క్లిప్పు ఉన్న టైలు తగిలించి, 4 బొడిపెల పొడవున్న కడ్డీలు నిలువుగా పట్టించండి. ఆరు బదులు నాలుగే పడతాయి. నాకు దానితో పేచీ లేదు, దూరం నుంచి ఎవరూ లెక్కపెట్టరు. కానీ ఈ రెండు రాకెట్లనీ ఒకే అరలో పక్కపక్కన పెట్టొద్దు. రెండు స్కేళ్ళు వేరు కాబట్టి, ఎత్తులో దాదాపు సమానమైనవి ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా కనిపించి చూసేవాళ్ళకి అబద్ధం చెప్పినట్టవుతుంది.

మన ఊరి బళ్ళు

పంటుకి గుర్తులు మూడు: బల్లపరుపు తట్టు (బళ్ళు నిలబడే పైభాగం), రెండు కొసలా వాలే తలుపులు, ఒక పక్కకి ఒదిగిన చిన్న గది. 4×6 ప్లేటు, దాని అడుగున ఇరు అంచుల వెంబడి 1×6 ప్లేట్లు రెండు. జంట పడవల మీద తట్టు వేసినట్టు వస్తుంది. కొసలకి కీలు ప్లేట్లతో 2 బొడిపెల వెడల్పు తలుపులు, ఒకటి పైకి మడిచి, ఒకటి గట్టు మీదకి దించి. రెండూ పైకే ఉంటే అది పెట్టెలా ఉంటుంది. ఒకటి దించగానే పంటు అవుతుంది. తట్టు మీద ఆటో అంటే నల్ల 1×1 ప్లేటు, దానిపై పసుపు ఏటవాలు ముక్క. రెండు ముక్కలు, అంతే. ఎర్రబస్సు అంటే ఎర్ర 1×3 ప్లేటు, దానిపై పారదర్శక ప్లేట్ల వరస, పైన ఎర్ర టైలు.

ట్రాక్టరు దగ్గర నేను చాలా రోజులు తంటాలు పడ్డాను. ముందు చక్రాలు చిన్నవి, వెనకవి పెద్దవి: ట్రాక్టరుకి ఇంతకన్నా గుర్తు లేదు. వెనక పక్క బొడిపెలకి 2×2 పళ్ళెం ముక్కలు, ముందు 1×1 గుండ్రటి టైళ్ళు తొడిగాను. అయితే నాలుగు చక్రాలూ ఒకే నేలని తాకవు. ముందు చక్రం కంటే ఇటుక అడుగే కిందకి దిగుతుంది. ఎన్ని రకాలుగా పేర్చినా ఎక్కడో ఒకచోట సందు. చివరికి మా చేలో దమ్ము చేస్తున్న ట్రాక్టరుని గట్టు మీద కూర్చుని చూస్తుంటే దారి దొరికింది. దమ్ములో చక్రం అడుగు ఎవరికి కనపడుతుంది? ఇంటికొచ్చి గోధుమరంగు 6×8 ప్లేటు తీసి, ట్రాక్టరుని దాని మీదే నేరుగా బిగించి, చక్రాల ముందూ వెనకా అదే రంగు 1×1 గుండ్రటి ప్లేట్లు చిందరవందరగా పెట్టాను. వెనక రెండు తెల్ల ముక్కలు, కొంగలు. ఇరుసు లెక్క కుదరకపోయినా బండి బురదలో దిగి పనిచేస్తోంది. ఇప్పటికీ నేను కట్టినవాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఆ పొలం చెక్కే.

చెడిపోయే చోట్లు

నౌక పట్టుకోగానే రెండుగా విరుగుతోందంటే, ఒకే గీత మీద అన్ని అతుకులూ పడ్డాయన్నమాట. గోడకి ఇటుకలు పేర్చినట్టే, కింది అతుకు మీద పై ముక్క నడుము రావాలి. ఆకారం బాగున్నా గజిబిజిగా కనిపిస్తే రంగులు లెక్కపెట్టండి: ఒంటికి ఒకటి, గుర్తుకి ఒకటి, దీపానికో మంటకో ఒకటి. నాలుగో రంగు వచ్చిందంటే ఆకారాన్ని మింగేస్తుంది. బొడిపెలు అన్నీ టైళ్ళతో కప్పేయాలా అని చాలామంది అడుగుతారు. నేను కప్పను. నాలుగైదు బొడిపెలు వదిలితేనే అది ఏ సైజులో ఉందో కన్నుకి అందుతుంది.

ముక్కలు చాలకపోతే బ్రిక్‌లింక్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ముందు కంప్యూటరు మీద కట్టి చూసుకోవచ్చు. కాకపోతే తెర మీద అన్నీ నిలబడతాయి, చేతిలో నిలబడవు. ఒక్క బొడిపె మీద వేలాడే ముక్క ఏదైనా ఉంటే కొనేముందే దాన్ని అనుమానించండి.

దుమ్ము పట్టినవి కడగాలంటే నీళ్ళు గోరువెచ్చగా, 40 డిగ్రీలు దాటకుండా ఉండాలి. బోరు నీళ్ళు అయితే ఆరాక తెల్ల మరకలు కడతాయి, చివరిసారి మంచినీళ్ళలో ముంచి తీసి నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. కిటికీ పక్కన రెండు వేసవులు ఉంచిన నా తెల్ల రాకెట్టు పాత పుస్తకం కాగితంలా పసుపెక్కింది.

దాచడానికి ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టెలు నాకు భలే కుదిరాయి. లోతు తక్కువ, మూత గట్టిది, లోపల దూది పరిస్తే పులసలు ఆరు వరసగా పడతాయి. పెట్టె మూత లోపలి వైపు ఒక్కో నౌకకి ముక్కల లెక్క రాసి పెడతాను. ఫోటో తీయాలనుకుంటే పొద్దున్నే గుమ్మంలో, నీడలో, నౌకని గడప మీద పెట్టి ఫోన్ని నేలకి ఆనించి కింద నుంచి పైకి తీయండి. నిన్న అలాగే తీశాను. వెనకాల కొబ్బరాకుల సందుల్లో పొద్దు, ముందు 20 ముక్కల పులస.